మ్యూనిక్‌లో ఎక్కడ దిగాలి: అబ్బాయి దగ్గరా, స్టేషన్ దగ్గరా?

ప్రశ్న: మా అబ్బాయి మ్యూనిక్ పక్కన గార్చింగ్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. సెప్టెంబర్ 20 నుంచి పది రోజులు నేను, మావారు, మా అత్తగారు వెళ్ళాలనుకుంటున్నాం. అత్తగారికి 74 ఏళ్ళు, మావారికి మోకాళ్ళ నొప్పులు. వాడుండేది స్టూడెంట్ హాస్టల్లో ఒంటి గది. ట్రావెల్ ఏజెంట్ ఎయిర్‌పోర్ట్ దగ్గర హోటల్ చవగ్గా ఉందంటున్నాడు. మా తోడికోడలు మెయిన్ స్టేషన్ పక్కనే దిగమంటోంది, ఇంకొకరేమో ఆ ఏరియా మంచిది కాదంటున్నారు. అబ్బాయి తన దగ్గర గార్చింగ్‌లోనే తీసుకోమంటాడు. అత్తగారు శాకాహారి, రోజుకొక పూటైనా అన్నం లేకపోతే ఉండలేరు. ఎక్కడ తీసుకోమంటారు?
– రాజమండ్రి నుంచి ఒక పాఠకురాలు

జవాబు:

ఏరియా సంగతి తర్వాత చూద్దామండీ, ముందు తేదీలు మార్చగలరేమో చూడండి. మీరు చెప్పిన పది రోజులూ సరిగ్గా అక్టోబర్‌ఫెస్ట్ అనే పెద్ద బీరు పండుగలో పడుతున్నాయి. పేరులో అక్టోబర్ ఉంది కదా అని చాలామంది అది అక్టోబర్లో జరుగుతుందనుకుంటారు గానీ, అది సెప్టెంబర్ 15 తర్వాత వచ్చే శనివారం మొదలై అక్టోబర్ మొదటి ఆదివారం దాకా నడుస్తుంది. 2026లో అయితే సెప్టెంబర్ 19 నుంచి అక్టోబర్ 4 వరకు. 2023లో ఆ రెండు వారాల్లో 70 లక్షల మందికి పైగా వచ్చారు. మామూలు రోజుల్లో వంద, నూట యాభై యూరోలకు దొరికే డబుల్ రూమ్ అప్పుడు రెట్టింపు అవుతుంది, కొన్నిచోట్ల మూడు రెట్లు కూడా. మీకు రెండు గదులు కావాలి, పది రాత్రులుంటారు, లెక్క మీరే వేసుకోండి. డబ్బు ఒక్కటే కాదు, సాయంత్రం అయ్యేసరికి రైళ్ళన్నీ బీరు తాగి పాటలు పాడుతూ వచ్చే జనంతో నిండిపోతాయి. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, కానీ అత్తగారికి సీటు దొరకదు, మీవారు ఆ తోపులాటలో మెట్లు దిగాలి.

ఆగస్టు ఆఖరి వారం నుంచి సెప్టెంబర్ 10, 12 లోపు వెళ్ళగలిగితే అన్నిటికన్నా మంచిది. ఆ రోజుల్లో బవేరియా, అంటే మ్యూనిక్ ఉన్న రాష్ట్రంలో, బడులకు వేసవి సెలవులు, ఊళ్ళోవాళ్ళు చాలామంది బయటికి పోయి ఉంటారు, ఎండ కూడా హాయిగా ఉంటుంది. ఒక్క జాగ్రత్త: 2027 లాంటి బేసి సంవత్సరాల్లో సెప్టెంబర్ మొదటి సగంలో ఐఏఏ అనే పెద్ద కార్ల ప్రదర్శన ఉంటుంది, ఆ వారం మాత్రం తప్పించండి. అక్టోబర్‌ఫెస్ట్ అయిపోయాక వెళ్దామా అంటే, అది ముగిసీ ముగియగానే ఎక్స్‌పో రియల్ అని రియల్ ఎస్టేట్ వాళ్ళ ఎగ్జిబిషన్ మూడు రోజులుంటుంది, అప్పుడూ గదులు దొరకవు. అది కూడా దాటాక వెళ్ళొచ్చు, యూనివర్సిటీ పాఠాలు అక్టోబర్ మధ్యలో గానీ మొదలుకావు కాబట్టి అబ్బాయికి కొంచెం తీరికే. కాకపోతే చలి మొదలవుతుంది, అత్తగారికి స్వెటర్లూ సాక్సులూ సర్దాల్సిందే.

ఇక చోటు. మీకు సలహా ఇచ్చిన వాళ్ళందరూ దూరం, ధర చూసి చెప్తున్నారు. ఆ ఊళ్ళో చూడాల్సింది రైలు లైను. రోజూ ఏ లైను ఎక్కుతారు, ఎన్నిసార్లు రైలు మారాలి, స్టేషన్ నుంచి గది దాకా ఎంత నడవాలి, మీ ఇంట్లో వాళ్ళ వయసుకీ మోకాళ్ళకీ ఇవే ముఖ్యం. హోటల్ సైట్లో 'సిటీ సెంటర్‌కి 3 కిలోమీటర్లు' అని రాసి ఉంటే దాంట్లో మనకు తెలిసేదేమీ లేదు. మూడు కిలోమీటర్ల దూరంలో ఉండి రెండుసార్లు రైలు మారాల్సిన హోటల్ కన్నా, పది కిలోమీటర్ల దూరంలో ఒకే లైను మీద ఉన్న హోటల్ మీకు నయం.

అబ్బాయి యూనివర్సిటీ యూ6 అనే మెట్రో లైను చివరి స్టేషన్ దగ్గర ఉంది, గార్చింగ్-ఫోర్షుంగ్స్‌జెంట్రుమ్. అదే లైను ఊరి నడిబొడ్డు మరియన్‌ప్లాట్జ్ మీదుగా వెళ్తుంది. కాబట్టి మీ గది యూ6 మీదే ఉండాలి. అందులోనూ సెండ్లింగర్ టోర్, మరియన్‌ప్లాట్జ్, ఓడియాన్స్‌ప్లాట్జ్, యూనివర్సిటాట్, గీజెలాష్ట్రాసె, మ్యూన్షనర్ ఫ్రైహైట్, ఈ ఆరు స్టేషన్లలో ఏదో ఒకదానికి ఐదారు నిమిషాల నడకలో. ఎందుకంటే ఈ ముక్కలో యూ6తో పాటు యూ3 కూడా అదే పట్టాల మీద నడుస్తుంది, ఒక రైలు తప్పిపోతే ఇంకొకటి వెంటనే వస్తుంది. ఒలింపిక్ పార్కు, బీఎండబ్ల్యూ వాళ్ళ షోరూమ్, మ్యూజియం యూ3 మీదే ఒకవైపు ఉన్నాయి, జూ రెండోవైపు ఉంది, దేనికీ రైలు మారక్కర్లేదు.

ఈ ఆరింటిలో నన్ను ఎంచమంటే చివరి రెండూ, అంటే గీజెలాష్ట్రాసె, మ్యూన్షనర్ ఫ్రైహైట్ చుట్టుపక్కల. ష్వాబింగ్ అంటారు ఆ ఏరియాని. మరియన్‌ప్లాట్జ్ చుట్టూ గదులు మరీ ఖరీదు, పైగా మీరు ముగ్గురూ రోజంతా షాపింగ్ వీధుల్లో తిరిగేవాళ్ళు కాదు. ష్వాబింగ్‌లో చెట్లున్న వీధులు, పక్కనే సూపర్ మార్కెట్లు, బేకరీలు, మందుల షాపులు ఉంటాయి. ఇంగ్లీష్ గార్డెన్ నడిచి వెళ్ళేంత దగ్గర. అది మూడున్నర చదరపు కిలోమీటర్లకు మించిన పార్కు, సమతలంగా ఉంటుంది, బెంచీలు ఎక్కడ పడితే అక్కడ. అబ్బాయి పార్ట్‌టైమ్ ఉద్యోగానికో లైబ్రరీకో పోయినప్పుడు మీరు ముగ్గురే ఉండాల్సి వస్తుంది కదా, అప్పుడు ఎవరి సాయం లేకుండా, టిక్కెట్ కొనకుండా బయటికెళ్ళి కూర్చోగలిగే చోటు ఉండటం ఎంత అవసరమో అక్కడికెళ్ళిన రెండో రోజుకే తెలుస్తుంది. పిల్లల్ని చూడటానికెళ్ళిన తల్లిదండ్రుల్లో చాలామంది పగలంతా గదిలో బందీలైపోతారు, నాకది చాలా బాధగా అనిపిస్తుంది. ఇక్కడి నుంచి మరియన్‌ప్లాట్జ్ ఏడెనిమిది నిమిషాలు, అబ్బాయి దగ్గరికి సుమారు ఇరవై నిమిషాలు.

మరి అబ్బాయి చెప్పినట్టు గార్చింగ్‌లోనే? వాడి ప్రేమ అర్థమవుతోంది. హోటళ్ళు ఉన్నాయి, శుభ్రంగా ఉంటాయి, నగరంలో కన్నా కొంచెం తక్కువే. కానీ అది క్యాంపస్ చుట్టూ పెరిగిన చిన్న ఊరు, మీకు చూడటానికి ఏమీ ఉండదు. ఏది చూడాలన్నా ముందు అరగంట రైల్లో కూర్చోవాలి, మధ్యాహ్నం అత్తగారు అలిసిపోతే గదికొచ్చి పడుకుని సాయంత్రం మళ్ళీ వెళ్దామంటే కుదరదు. పైగా గార్చింగ్ ఎం-జోన్‌కి, అంటే మ్యూనిక్ నగరపు టిక్కెట్ పరిధికి, బయట ఉంది, టిక్కెట్ కూడా ఎక్కువవుతుంది. అయితే ఒక్క సందర్భంలో మాత్రం అబ్బాయి మాటే కరెక్టు: తేదీలు ఎట్టి పరిస్థితుల్లోనూ మార్చలేం, అక్టోబర్‌ఫెస్ట్‌లోనే వెళ్తాం అంటే గార్చింగే తీసుకోండి. ఆ రెండు వారాలు జనానికి దూరంగా ఉండటమే సుఖం, ఊరు చూడటం పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నం మూడు లోపు ముగించుకుని వచ్చేయండి. అన్నట్టు వాడి హాస్టల్లో గెస్ట్ రూమ్ లాంటిది ఉందేమో ఆఫీసులో అడగమనండి, కొన్నిచోట్ల ఉంటుంది. వాడి గదిలోనే సర్దుకుందామని మాత్రం అనుకోవద్దు, హాస్టల్ రూల్స్ ఉంటాయి, ఇబ్బంది వాడికి.

ఏజెంట్ చెప్పిన ఎయిర్‌పోర్ట్ హోటల్ వద్దే వద్దు. ఎయిర్‌పోర్ట్ ఊరికి ముప్పై కిలోమీటర్లకు పైన ఉంది, ఎస్-బాన్‌లో, అంటే శివార్లకు తిరిగే లోకల్ రైల్లో, నలభై నిమిషాలు. ఆ చవక హోటళ్ళు చాలావరకు ఎయిర్‌పోర్ట్‌లో కూడా ఉండవు, చుట్టుపక్కల హాల్‌బెర్గ్‌మోస్, ఫ్రైజింగ్, ఎర్డింగ్ లాంటి చోట్ల ఉంటాయి, అక్కడి నుంచి మళ్ళీ బస్సో షటిలో. రోజుకి రెండు గంటలు రైళ్ళలో పోతాయి, ముగ్గురికీ దూరపు జోన్ టిక్కెట్లు కొనాలి, గదిలో మిగిలిందంతా అక్కడ పోతుంది. తెల్లవారుజామున తిరుగు విమానం ఉంటే ఆఖరి రాత్రి ఒక్కటి అక్కడ తీసుకోండి, అంతే.

మెయిన్ స్టేషన్, అంటే హౌప్ట్‌బాన్‌హోఫ్ విషయంలో మీకు చెప్పిన ఇద్దరి మాటా నిజమే. దక్షిణం వైపు షిల్లర్‌ష్ట్రాసె, గోథెష్ట్రాసె, బాయర్‌ష్ట్రాసె నిండా హోటళ్ళే. ఇండియన్ కిరాణా కూడా ఆ చుట్టుపక్కలే దొరుకుతుంది, ఎయిర్‌పోర్ట్ రైలు నేరుగా వస్తుంది. దానికి తోడు బవేరియాలో షాపులు రాత్రి ఎనిమిదికి మూసేస్తారు, ఆదివారం అసలు తీయరు, అప్పుడు స్టేషన్లోని దుకాణాలే దిక్కు. ఇవన్నీ సౌకర్యాలే. రాత్రయితే ఆ వీధుల్లో జూదం సెంటర్లు, బార్లు, తాగి నిలబడిన గుంపులు కనిపిస్తాయి. ఒళ్ళు జాగ్రత్తగా పెట్టుకుని నడిస్తే భయపడాల్సిందేమీ లేదు, కుర్రాళ్ళు హాయిగా ఉంటారు, కానీ మొదటిసారి విదేశం వెళ్తున్న పెద్దావిడకి ఆ వాతావరణం టెన్షన్ పెడుతుంది. పైగా ఎస్-బాన్‌కి రెండో భూగర్భ మార్గం కోసం స్టేషన్‌ని ఏళ్ళ తరబడి తవ్వుతున్నారు, ఒక ప్లాట్‌ఫామ్ నుంచి ఇంకోదానికి చుట్టు తిరిగి వెళ్ళాలి, లగేజీతో మోకాళ్ళ నొప్పి మనిషికి అది పెద్ద పని. అక్టోబర్‌ఫెస్ట్ జరిగే మైదానం అక్కడి నుంచి నడిచేంత దూరమే కాబట్టి ఆ రోజుల్లో అటు వైపు చూడనే వద్దు.

ష్వాబింగ్‌లో మీ బడ్జెట్లో దొరక్కపోతే రెండో ఎంపిక ఓస్ట్‌బాన్‌హోఫ్, అంటే తూర్పు స్టేషన్, దాని పక్కన హైడ్‌హౌజెన్. ఎయిర్‌పోర్ట్ నుంచి ఎస్8 నేరుగా అక్కడ ఆగుతుంది, మరియన్‌ప్లాట్జ్ మూడు స్టాపులు. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ వెళ్ళే రీజనల్ రైలు కూడా అక్కడే ఎక్కొచ్చు. లోటు ఒక్కటే, అబ్బాయి దగ్గరికి వెళ్ళాలంటే మరియన్‌ప్లాట్జ్‌లో మారాలి, లిఫ్టులున్నాయి గానీ జనం ఎక్కువ.

ఇప్పుడు అన్నం సంగతి, నన్నడిగితే మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం అదే. మామూలు హోటల్ గదిలో రైస్ కుక్కర్ పెట్టకండి. చాలాచోట్ల గదిలో వంట నిషేధం, ప్రతి గదిలో పొగ పసిగట్టే అలారం ఉంటుంది, పోపు పొగకి అది మోగి ఫైరింజన్ వస్తే ఆ ఖర్చు మీ నెత్తిన పడొచ్చు. హోటల్ టిఫిన్ అంటే బ్రెడ్డు, చీజు, చల్లటి మాంసం ముక్కలు, ఉడికించిన గుడ్లు, పళ్ళు. అత్తగారు అందులో తినగలిగేది బ్రెడ్డూ పళ్ళూ పెరుగే. అందుకని మీరు అపార్ట్‌మెంట్ హోటల్ తీసుకోండి. రిసెప్షన్, లిఫ్టు, గది శుభ్రం చేసేవాళ్ళు హోటల్లాగే ఉంటారు, లోపల చిన్న వంటగది కూడా ఉంటుంది. ఓస్ట్‌బాన్‌హోఫ్ పక్కన వెర్క్స్‌ఫియర్టెల్‌లో అడీనా, హాకర్‌బ్రూకె స్టేషన్ దగ్గర ఆర్నుల్ఫ్‌పార్క్‌లో సిటాడిన్స్ ఈ రకానివే. ఈ రెండోది కూడా అక్టోబర్‌ఫెస్ట్ జనం దిగే స్టేషన్ పక్కనే, గుర్తుంచుకోండి. ష్వాబింగ్‌లో ఇలాంటివి కావాలంటే మ్యాప్‌లో మ్యూన్షనర్ ఫ్రైహైట్ పెట్టి, ఫిల్టర్లో 'కిచెన్' టిక్ చేసి వెతకమనండి అబ్బాయిని. పొయ్యి ఇండక్షనో కాదో ముందే కనుక్కోండి, ఇండక్షన్ అయితే అల్యూమినియం కుక్కర్ పనిచేయదు. కిటికీ తెరిచి, పొయ్యి మీదుండే ఫ్యాను వేసి, పోపు తక్కువ మంట మీద పెట్టుకోండి. సామానులో నెయ్యి, కోవా, చికెన్ పచ్చడి సర్దకండి, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకురావడం యూరప్‌లో నిషేధం, కస్టమ్స్‌లో తీసేస్తారు. ఆవకాయ, పొడులు, కందిపప్పు పట్టుకెళ్ళండి, చాలు. పెరుగు, వెన్న అక్కడివి బ్రహ్మాండంగా ఉంటాయి.

ఎవరి ఇల్లో పది రోజులకు అద్దెకిచ్చే సైట్లు కూడా ఉన్నాయి, చవగ్గా కనిపిస్తాయి. మ్యూనిక్‌లో సొంత ఇంటిని పర్మిషన్ లేకుండా ఏడాదికి 8 వారాలకు మించి టూరిస్టులకు ఇవ్వకూడదని రూలు పెట్టారు, ఇళ్ళు దొరక్క జనం అల్లాడుతున్నారు కాబట్టి. రూలు తప్పి నడిపే ఇళ్ళు ఆఖరి నిమిషంలో క్యాన్సిల్ అయితే మీరు ముగ్గురూ రోడ్డు మీద పడతారు. పాత బిల్డింగుల్లో చాలావాటికి లిఫ్టు ఉండదు. రాత్రి పది దాటాక, ఆదివారం పగలు కూడా, చప్పుడు చేస్తే పక్కింటివాళ్ళు తలుపు కొడతారు. మీకు అది వద్దు.

బుక్ చేసే ముందు హోటల్‌కి ఒక మెయిల్ రాయించండి, ఇంగ్లీషులో రాసినా జవాబిస్తారు. లిఫ్టు మీ అంతస్తు దాకా వస్తుందా, మధ్యలో ఆరు మెట్లు ఉన్నాయా. బాత్రూములో స్నానం నేల మట్టంలోనా, లేక టబ్బులోకి కాలెత్తి దిగాలా. ఈ రెండోది ఎవరూ అడగరు, కానీ 74 ఏళ్ళ ఆవిడకి తడి టబ్బు అంచు దాటడం కన్నా ప్రమాదం ఇంకొకటి లేదు. ట్రిపుల్ రూమ్ అంటే మూడు మంచాలనుకోకండి, సాధారణంగా ఒక డబుల్ బెడ్డూ ఒక సోఫా కమ్ బెడ్డూ, కాబట్టి విడి పడకగది ఉన్న అపార్ట్‌మెంట్ అడగండి, అత్తగారికి అసలు మంచం ఇచ్చి మీలో ఒకరు సోఫా మీద పడుకోవచ్చు. ఆగస్టులో వెళ్తే ఏసీ ఉందో లేదో అడగండి, అక్కడ చాలా హోటళ్ళలో ఉండదు, ఎండ 30 డిగ్రీలు దాటే రోజులూ ఉంటాయి. టాయిలెట్లో మన పిచికారీ ఉండదు, ఒక చిన్న మగ్గు పెట్టెలో పడేసుకోండి.

వీసా విషయం ఒక్క మాట. ఉండే రోజులన్నిటికీ బస ఎక్కడో కాగితం చూపించాలి, అందుకే ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే వీలున్న బుకింగే చేయండి, వీసా రాకపోయినా తేదీ మారినా డబ్బు పోదు. హోటల్లో ఉంటూ అబ్బాయి దగ్గరే ఉంటామని రాయకండి, ఉన్నది ఉన్నట్టు హోటల్ బుకింగు, దాంతో పాటు అబ్బాయి ఆహ్వాన లేఖ పెట్టండి. దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచే ఇవ్వొచ్చు, ఆలస్యం చేయవద్దు. హోటల్లో దిగినప్పుడు విదేశీయులు ఒక ఫారం నింపి పాస్‌పోర్ట్ చూపించాలి, కంగారు పడకండి. బెర్లిన్‌లో గది అద్దె మీద 7.5 శాతం సిటీ టాక్స్ వేస్తారు, బవేరియాలో అలాంటి పన్ను నిషేధించారు కాబట్టి మ్యూనిక్‌లో అది ఉండదు.

టిక్కెట్లు విడివిడిగా కొనకండి. ఐదుగురు పెద్దవాళ్ళ దాకా ఒకే కాగితం మీద తిరిగే గ్రూప్ డే టిక్కెట్ ఉంది, మీరు ముగ్గురూ అబ్బాయీ కలిసి అందులో సరిపోతారు. ఫ్యూసెన్ దగ్గరున్న నాయ్‌ష్వాన్‌స్టైన్ కోటకో సాల్జ్‌బర్గ్‌కో వెళ్ళే రోజు బయెర్న్ టిక్కెట్, అంటే బవేరియా అంతటా రీజనల్ రైళ్ళలో తిరిగే రోజు టిక్కెట్, తీసుకోండి, అదీ ఐదుగురి దాకా, కాకపోతే సోమ నుంచి శుక్ర వరకు ఉదయం తొమ్మిది తర్వాతే చెల్లుతుంది.

దిగే రోజు గురించి అబ్బాయికి ఈ రెండు మాటలు చెప్పండి. ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్ళోకి ఎస్1, ఎస్8 రెండూ వస్తాయి, మీరు ఎస్8 ఎక్కి మరియన్‌ప్లాట్జ్‌లో దిగి యూ6 పట్టుకోవచ్చు. తిరుగు ప్రయాణంలో మాత్రం ఎస్1 ఎక్కితే జాగ్రత్త, నాయ్‌ఫార్న్ అనే చోట ఆ రైలు రెండుగా విడిపోతుంది, సగం ఎయిర్‌పోర్ట్‌కి, సగం ఫ్రైజింగ్‌కి, సరైన పెట్టెలో ఉన్నామో లేదో బోర్డు చూసుకోవాలి. శని, ఆదివారాల్లో ఊరి మధ్య ఎస్-బాన్ సొరంగం పనుల కోసం మూసేస్తుంటారు, ముందు రోజు రాత్రి యాప్‌లో చూడమనండి. మూసి ఉంటే టాక్సీకి పరుగెత్తక్కర్లేదు, ఎయిర్‌పోర్ట్ నుంచి లుఫ్తాన్సా ఎక్స్‌ప్రెస్ బస్సు ష్వాబింగ్ ఉత్తరాన నార్డ్‌ఫ్రీడ్‌హోఫ్ స్టేషన్ దగ్గర ఆగుతుంది, లగేజీ డ్రైవరే కింద పెట్టిస్తాడు. అది యూ6 స్టేషనే, అక్కడి నుంచి మ్యూన్షనర్ ఫ్రైహైట్ రెండు స్టాపులు. గది మధ్యాహ్నం మూడుకి గానీ ఇవ్వరు, పొద్దున్నే దిగితే సామాను రిసెప్షన్లో పెట్టి అత్తగారిని ఇంగ్లీష్ గార్డెన్లో కూర్చోబెట్టండి, పులిహోర పొట్లం ఒకటి చేతి సంచిలో ఉంటే ఆ పూటకి వెతుక్కోనక్కర్లేదు.